ఖమ్మం ఓటు: జెండా పాట ఒకటి, బస్తా ధర మరొకటి

ఖమ్మం మిర్చి యార్డులో సీజన్ రోజుల్లో పొద్దున్నే పాట మొదలవుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన తేజ మిర్చి చూసి ఖరీదుదారులు చుట్టూ మూగుతారు. ఎవరు ఎక్కువ పాడితే ఆ ధరే ఆ రోజుకి ‘జెండా పాట’. మధ్యాహ్నానికల్లా ఫోన్లలో, మర్నాడు పేపర్లో తిరిగేది ఆ అంకె ఒక్కటే. రాత్రంతా బస్తాల మీదే పడుకున్న రైతుల్లో ఆ ధర చేతికందేది మాత్రం కొందరికే. మిగతావాళ్ళ సరుకును రంగు చూసి, తేమ చూసి, తాలు చూసి తగ్గించి కొంటారు. ‘ఇవాళ ఖమ్మంలో మిర్చి ఇంత’ అన్న మాట అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాట నమ్ముకుని ఇంటికెళ్ళిన రైతు లెక్క కుదరదు.

ఎన్నికల ఫలితం కూడా జెండా పాట లాంటిదే. ‘ఖమ్మం కాంగ్రెస్‌ది’, ‘ఖమ్మం కమ్యూనిస్టుల కోట’, ‘ఖమ్మంలో టీఆర్‌ఎస్‌కు ఎప్పుడూ కుదరదు’. ఈ మూడు మాటలూ టీ కొట్టు దగ్గర ఒకే పూట వినిపిస్తాయి. మూడింటికీ ఏదో ఒక ఫలితం సాక్ష్యంగా దొరుకుతుంది. ఆ ఫలితాల కింద ఉన్న ఓటును విడదీసి చూస్తేనే ఈ ఊరు అర్థమవుతుంది.

ముందుగా ఒక విచిత్రం. 2014లో ఖమ్మం అసెంబ్లీ సీటులో పోటీ పువ్వాడ అజయ్ కుమార్‌కూ తుమ్మల నాగేశ్వరరావుకూ మధ్య. అజయ్ కాంగ్రెస్, తుమ్మల తెలుగుదేశం. ఆరు వేలలోపు తేడాతో అజయ్ గెలిచారు. 2023లో మళ్ళీ అదే సీటు, అవే రెండు ముఖాలు. ఈసారి కాంగ్రెస్ అభ్యర్థి తుమ్మల, బీఆర్‌ఎస్ (పేరు మారిన టీఆర్‌ఎస్) అభ్యర్థి అజయ్. తుమ్మల గెలిచారు. పార్టీ పేరు చూస్తే రెండుసార్లూ ఊరు కాంగ్రెస్‌కే వేసింది. మనిషిని చూస్తే ఊరు పూర్తిగా మారిపోయింది. ఇందులో ఏది నిజం?

## ఖమ్మం అంటే ఏ ఖమ్మం

ఈ చర్చల్లో సగం గొడవ పేరు దగ్గరే వస్తుంది. ‘ఖమ్మం’ అనే మాటకు ఎన్నికల లెక్కలో నాలుగు అర్థాలున్నాయి.

నగరపాలక సంస్థ ఒకటి. మున్సిపాలిటీగా ఉన్న ఖమ్మం 2012లో కార్పొరేషన్ అయింది. ఇక్కడ ఓటు పడేది డివిజన్ కార్పొరేటర్‌కు.

అసెంబ్లీ నియోజకవర్గం రెండోది. ఇందులో ఖమ్మం నగరంతో పాటు రఘునాథపాలెం మండలం కూడా ఉంది. అంటే పూర్తిగా పట్టణ సీటు అనడానికి లేదు, పత్తీ మిర్చీ పండించే ఊళ్ళూ ఇందులోనే ఉన్నాయి. ఇంకోవైపు, మున్నేరు నది దాటగానే కనిపించే కాలనీలు ఖమ్మం రూరల్ మండలంలోవి. అక్కడివాళ్ళకు పనీ, బడీ, ఆసుపత్రీ, సినిమా హాలూ అన్నీ ఖమ్మంలోనే, ఓటు మాత్రం పాలేరు నియోజకవర్గంలో.

మూడోది లోక్‌సభ నియోజకవర్గం. ఖమ్మం, పాలేరు, మధిర, వైరా, సత్తుపల్లి, కొత్తగూడెం, అశ్వారావుపేట కలిపి ఏడు సెగ్మెంట్లు. నగరం ఇందులో ఏడింట ఒక ముక్క. నాలుగోది ఉమ్మడి జిల్లా. 1953లో వరంగల్ జిల్లా నుంచి విడిపోయి ఏర్పడి, 2016లో ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలుగా చీలింది. పాత జిల్లా లెక్కన పది అసెంబ్లీ సీట్లు.

ఎవరైనా ‘ఖమ్మం ఫలానా పార్టీకి వేసింది’ అన్నప్పుడు ఈ నాలుగింటిలో ఏది అన్నారో తేలకపోతే వాదన ఎటూ తెగదు. 2018 డిసెంబర్‌లో ఉమ్మడి జిల్లా అంతా టీఆర్‌ఎస్‌ను ఓడిస్తే, ఆ పార్టీ గెలిచిన ఒకే ఒక్క సీటు ఖమ్మం నగరం సీటు. ‘ఖమ్మం టీఆర్‌ఎస్‌ను తిప్పికొట్టింది’ అన్నవాళ్ళూ, ‘ఖమ్మం టీఆర్‌ఎస్‌ను గెలిపించింది’ అన్నవాళ్ళూ ఆ రోజు ఇద్దరూ నిజమే చెప్పారు.

## మొగ్గు వేరు, ఫలితం వేరు

మొగ్గు అంటే ఓటర్లలో ఎంతమంది ఏ వైపు నిలబడ్డారన్నది. ఫలితం అంటే ఎవరు ముందున్నారన్నది. మన పద్ధతిలో సగానికి పైగా ఓట్లు రావాలన్న నియమం లేదు, పక్కవాడి కంటే ఒక్క ఓటు ఎక్కువైతే చాలు. అందుకే చిన్న కదలికకే పెద్ద ఫలితం మారిపోతుంది.

ఖమ్మం కార్పొరేషన్‌నే తీసుకుందాం. 2016లో 50 డివిజన్లలో టీఆర్‌ఎస్ 34 గెలిచింది. 2021లో డివిజన్లు 60 అయ్యాయి, అందులో 43 ఆ పార్టీవే. శాతంలో చూస్తే సీట్లలో దాదాపు 72. అయితే నగరంలో 72 శాతం మంది టీఆర్‌ఎస్ అనుకోవాలా? ఒక ఊహా లెక్క చూడండి. ప్రతి డివిజన్‌లో వెయ్యి ఓట్లు పోలయ్యాయనుకుందాం. ఒక పార్టీకి అన్నిచోట్లా 450, రెండోదానికి 400, మిగతావాళ్ళకు 150. మొదటి పార్టీకి ఓట్లు 45 శాతమే, సీట్లు మాత్రం అరవైకి అరవై. నిజజీవితంలో డివిజన్ డివిజన్‌కూ తేడా ఉంటుంది కాబట్టి అరవై రావు, నలభై మూడు వస్తాయి. సీట్ల అంకెను మొగ్గుగా చదివితే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. 2021 మే నెలలో 43 డివిజన్లిచ్చిన నగరం, 2023 డిసెంబర్‌లో అదే పార్టీ మంత్రి అజయ్‌ను దాదాపు యాభై వేల ఓట్ల తేడాతో ఓడించిందంటే చాలామంది ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యంలో కొంత భాగం ఈ లెక్కల తేడాలోనే ఉంది.

## 2018 నుంచి 2023: నలభై నాలుగు వేల ఓట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి

ఇక అసలు అంకెలు. 2018లో ఖమ్మం అసెంబ్లీలో టీఆర్‌ఎస్ తరఫున అజయ్‌కు 1,02,760 ఓట్లు. కాంగ్రెస్, తెలుగుదేశం, సీపీఐ కలిసిన మహాకూటమి తరఫున నిలబడ్డ తెలుగుదేశం అభ్యర్థి నామా నాగేశ్వరరావుకు 91,769. తేడా 10,991.

2023లో కాంగ్రెస్ అభ్యర్థి తుమ్మలకు 1,36,016. బీఆర్‌ఎస్ అభ్యర్థి అజయ్‌కు 86,635. తేడా 49,381.

పైపైన చూస్తే ‘ఊరంతా గాలి మళ్ళింది’ అనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి తీసివేస్తే వేరే సంగతి కనిపిస్తుంది. అజయ్ ఓట్లు తగ్గింది 16,125. ఎదుటి పక్షానికి పెరిగింది 44,247. అంటే అజయ్‌ను వదిలిన ఓట్లన్నీ నేరుగా తుమ్మలకే వెళ్ళాయనుకున్నా, ఇంకా 28,122 ఓట్ల పెరుగుదల వేరే చోటు నుంచి రావాలి. కొత్తగా ఓటు వచ్చిన పిల్లలు, 2018లో ఇతర అభ్యర్థులకు వేసినవాళ్ళు, అప్పుడు బూత్‌కి రానివాళ్ళు, ఇతర ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఈ మొత్తంలో ఉన్నారు. ఓడిపోయిన పార్టీని జనం విడిచిపెట్టారన్న కథ కంటే, గెలిచిన వైపుకి కొత్తగా జనం చేరారన్న కథ ఇక్కడ పెద్దది.

శాతంలో కూడా ఒకసారి చూద్దాం. ఇద్దరు ప్రధాన అభ్యర్థుల ఓట్లు మాత్రమే కలిపితే, 2018లో ప్రతి వందలో దాదాపు 53 టీఆర్‌ఎస్‌వి. 2023లో దాదాపు 39. ఈ 14 పాయింట్ల కదలికనే విశ్లేషకులు స్వింగ్ అంటారు. అయితే స్వింగ్ అనేది మిగిలిన నికర లెక్క. అటు వెళ్ళినవాళ్ళలోంచి ఇటు వచ్చినవాళ్ళను తీసేస్తే మిగిలేది. లోపల ఇంకెంతమంది అటూ ఇటూ మారారో ఆ అంకె చెప్పదు.

ఒక జాగ్రత్త కూడా అవసరం. 2018లో నామా తెచ్చుకున్న 91,769 ఓట్లు ఒక్క పార్టీవి కావు. అందులో కాంగ్రెస్ ఓటెంత, తెలుగుదేశం ఓటెంత, సీపీఐ ఓటెంత అన్నది ఆ అంకెలో కరిగిపోయింది. పొత్తు ఉన్న ఎన్నికలో పార్టీ సొంత బలం తెలియదు. ఖమ్మంలో పొత్తు లేని ఎన్నికలు తక్కువ. ఈ ఊరి ఓటు చదవడం కష్టమవడానికి నాకు కనిపించే అతి పెద్ద కారణం ఇదే.

## మనిషి వెంట ఓటా, పార్టీ వెంట ఓటా

ఖమ్మం గురించి ఎక్కువమంది నమ్మే మాట ఒకటుంది: ఇక్కడ పార్టీలతో పని లేదు, మనుషులే ముఖ్యం. దీనికి సాక్ష్యంగా చూపేది నామా ప్రయాణం.

2009లో తెలుగుదేశం తరఫున ఖమ్మం ఎంపీగా గెలిచారు. 2014లో అదే పార్టీ నుంచి నిలబడి, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పొంగులేటి శ్రీనివాసరెడ్డి చేతిలో దాదాపు 12 వేల ఓట్లతో ఓడారు. 2018 డిసెంబర్‌లో ఖమ్మం అసెంబ్లీకి తెలుగుదేశం తరఫున పోటీ చేసి టీఆర్‌ఎస్ చేతిలో ఓడారు. మూడు నెలలు తిరిగేసరికి అదే టీఆర్‌ఎస్‌లో చేరి, 2019 ఏప్రిల్‌లో లోక్‌సభకు నిలబడి 5,67,459 ఓట్లు తెచ్చుకున్నారు. కాంగ్రెస్ అభ్యర్థి రేణుకా చౌదరికి 3,99,397. తేడా 1,68,062. నాలుగు నెలల ముందు ఈ ఏడు సెగ్మెంట్లలో టీఆర్‌ఎస్ గెలిచింది ఒక్కటే అని గుర్తుంచుకోండి. మనిషి మారాడు, ఓటూ వెంట వెళ్ళింది అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ కథ ఇక్కడితో ఆగలేదు. 2024లో అదే నామా, అదే పార్టీ, అదే సీటు. ఓట్లు 2,99,082కు పడిపోయాయి. కాంగ్రెస్ అభ్యర్థి రామసహాయం రఘురాంరెడ్డికి 7,66,929. తేడా 4,67,847. రఘురాంరెడ్డి అంతకుముందు లోక్‌సభకు గాని, అసెంబ్లీకి గాని గెలిచిన నాయకుడు కాదు. ఈసారి ఓటు మనిషిని వదిలి పార్టీ వెంట వెళ్ళింది.

దీనికంటే గట్టి ఉదాహరణ ఫిరాయింపులది. 2018లో ఉమ్మడి జిల్లాలో టీఆర్‌ఎస్‌కు బయట గెలిచినవాళ్ళు తొమ్మిది మంది. కాంగ్రెస్ ఆరుగురు, తెలుగుదేశం ఇద్దరు, ఒక ఇండిపెండెంట్. వీరిలో ఏడుగురు ముందూ వెనుకా టీఆర్‌ఎస్‌లోకి వెళ్ళారు. 2023లో ఆ ఏడుగురిలో ఆరుగురు బీఆర్‌ఎస్ అభ్యర్థులుగా మళ్ళీ జనం ముందుకొచ్చారు. ఆరుగురూ ఓడిపోయారు. మనిషి వెంటే ఓటు వెళ్ళేట్టయితే వీళ్ళలో ఒక్కరైనా మిగలాలి.

మరి 2023లో బీఆర్‌ఎస్ వదిలి కాంగ్రెస్‌లోకి వచ్చిన తుమ్మల గెలవలేదా, పొంగులేటి గెలవలేదా అంటే గెలిచారు. వాళ్ళు మారింది గాలి వీస్తున్న వైపుకి, ఎన్నికకు ముందు. ఫిరాయించినవాళ్ళు మారింది గెలిచాక, ఓటు వేయించుకున్న పార్టీని వదిలి. ఓటరు ఈ రెండింటినీ ఒకే తీరుగా చూడడని నా అభిప్రాయం. దీన్ని కాదనేవాళ్ళ వాదనా బలమైనదే: 2023లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి ఉంది, వీళ్ళు ఫిరాయించకుండా ఉన్నా టీఆర్‌ఎస్ అభ్యర్థిగా ఎవరు నిలబడినా ఓడిపోయేవారే అంటారు. భద్రాచలం ఫలితం ఈ రెండో వాదనకు కాస్త అడ్డం వస్తుంది. అక్కడ 2018లో కాంగ్రెస్ తరఫున గెలిచి, పార్టీ మారకుండా నిలిచిన ఎమ్మెల్యే 2023లో ఓడిపోయారు, జిల్లాలో బీఆర్‌ఎస్ గెలిచిన ఒకే సీటు అది. గాలి కూడా అన్నిచోట్లా ఒకేలా వీయలేదన్న మాట.

## మూడు ఎన్నికలు, మూడుసార్లూ ఒక్క సీటు

తెలంగాణ వచ్చాక టీఆర్‌ఎస్ (తర్వాత బీఆర్‌ఎస్) ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది సీట్లలో ఎన్ని గెలిచిందో చూస్తే నమ్మబుద్ధి కాదు. 2014లో రాష్ట్రంలో 63 సీట్లు, ఇక్కడ ఒకటి, అది కొత్తగూడెం. 2018లో రాష్ట్రంలో 88, ఇక్కడ ఒకటి, అది ఖమ్మం. 2023లో రాష్ట్రంలో 39, ఇక్కడ ఒకటి, అది భద్రాచలం. మూడుసార్లూ ఒక్కటే, పైగా మూడు వేర్వేరు చోట్ల.

దీనికి చాలామంది చెప్పే కారణం ఆంధ్రా సరిహద్దు. మధిర, సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు పొలాలు అటు కృష్ణా, గోదావరి జిల్లాలతో కలిసిపోతాయి. పెళ్ళిసంబంధాలు, వ్యాపారం, చదువులు అటువైపు ఎక్కువ. విజయవాడ ఇక్కడికి హైదరాబాద్ కంటే దగ్గర. ఈ వాదనకు ఆధారాలున్నాయి. 2014లో తెలంగాణ మొత్తంలో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచిన మూడు అసెంబ్లీ సీట్లూ (పినపాక, వైరా, అశ్వారావుపేట), ఒక్క లోక్‌సభ సీటూ ఈ జిల్లావే. 2018లో రాష్ట్రం మొత్తంలో తెలుగుదేశానికి దక్కిన రెండు సీట్లూ, సత్తుపల్లి, అశ్వారావుపేట, ఇక్కడివే. 2022 డిసెంబర్‌లో చంద్రబాబు నాయుడు తెలంగాణలో పార్టీని మళ్ళీ నిలబెట్టడానికి సభ పెట్టింది ఖమ్మంలోనే. 2023లో తెలుగుదేశం పోటీ నుంచి తప్పుకున్నాక, ఖమ్మంలో కాంగ్రెస్ ప్రచారంలో పసుపు జెండాలు కనిపించాయి.

కానీ ఈ కారణాన్ని ‘ఖమ్మంలో తెలంగాణవాదం లేదు’ అనేదాకా లాగితే చరిత్ర ఒప్పుకోదు. 1969 ఉద్యమానికి నిప్పు రాజుకున్నది ఈ జిల్లాలోనే, పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో స్థానికుల ఉద్యోగాల గురించి. ఆ జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. నలభై ఏళ్ళ తర్వాత, 2009 నవంబర్ 29న కేసీఆర్‌ను అరెస్టు చేసి తీసుకొచ్చింది ఖమ్మానికే. ఆయన దీక్ష మొదలైంది ఈ ఊళ్ళోనే. ఉద్యమం ఇక్కడా ఉంది. ఉద్యమ పార్టీకి ఓటు మాత్రం పడలేదు. ఈ రెండింటినీ వేరుగా చూడాలి.

పడకపోవడానికి నాకు సరిహద్దు కంటే బలంగా కనిపించే కారణం స్థలం లేకపోవడం. కరీంనగర్, మెదక్ లాంటి చోట్ల టీఆర్‌ఎస్ పెరిగేనాటికి ఆ చోటు కొంత ఖాళీగా ఉంది. ఖమ్మంలో కాంగ్రెస్, తెలుగుదేశం, సీపీఐ, సీపీఎం నాలుగూ ఊరూరా కార్యకర్తలతో, జెండా గద్దెలతో నిండి ఉన్నాయి. కొత్త పార్టీకి కూర్చోవడానికి అరుగు దొరకలేదు. గెలిచినవాళ్ళను చేర్చుకుని ఎదిగింది, అందుకే వాళ్ళు ఓడగానే కరిగిపోయింది.

అయితే ఇదే పార్టీ కార్పొరేషన్‌లో రెండుసార్లు ఎందుకు ఊడ్చేసింది? 2016 మేలో పాలేరు ఉపఎన్నికలో తుమ్మల టీఆర్‌ఎస్ తరఫున 45 వేల పైచిలుకు ఓట్లతో ఎందుకు గెలిచారు? ఈ రెండిటికీ పోలిక ఉంది. స్థానిక ఎన్నిక, ఉపఎన్నిక రెండూ హైదరాబాద్‌లో ప్రభుత్వం మారని ఎన్నికలు. డ్రైనేజీ, రోడ్డు, నల్లా నీళ్ళు అడగాల్సింది అధికారంలో ఉన్నవాళ్ళనే అయినప్పుడు, వాళ్ళ మనిషినే గెలిపించుకుంటే పని జరుగుతుందని ఓటరు లెక్క వేసుకుంటాడు. 2020 డిసెంబర్‌లో ఐటీ హబ్ తెరిచారు, ఆ తర్వాత కొద్ది నెలలకే కార్పొరేషన్ పోలింగ్. అసెంబ్లీ ఎన్నికలో ప్రశ్న వేరు: ప్రభుత్వం ఉండాలా, పోవాలా. ప్రశ్న మారితే జవాబు మారుతుంది. దాన్ని నిలకడ లేకపోవడం అనడం ఓటరుకు అన్యాయం చేయడమే.

## ఎర్రజెండా ఎక్కడికి పోయింది

ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఖమ్మం రాజకీయం అంటే మొదట గుర్తొచ్చేది ఇదే.

నిజాం కాలంలో సాయుధ పోరాటం నడిచిన ప్రాంతమిది. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. ఖమ్మం నుంచి టి.బి. విఠల్‌రావు లోక్‌సభకు వెళ్ళారు, 1957 ఎన్నికలోనూ ఆయనే. అసెంబ్లీ సీటు 1980లలో సీపీఎం నాయకుడు మంచికంటి రాంకిషన్‌రావుది. 1989, 1994లో సీపీఐ నుంచి పువ్వాడ నాగేశ్వరరావు. 2004లో సీపీఎం నుంచి తమ్మినేని వీరభద్రం, ఆయనే 1996లో ఎంపీ కూడా. అజయ్ ఆ పువ్వాడ నాగేశ్వరరావు కొడుకే. తండ్రి ఎర్రజెండాతో గెలిచిన సీటును కొడుకు మూడు రంగుల జెండాతో ఒకసారి, గులాబీతో ఒకసారి గెలిచాడు. ఊరి మార్పు అంతా ఒక ఇంట్లోనే కనిపిస్తుంది.

2023లో సీపీఎం ఒంటరిగా పోటీ చేసింది. పాలేరులో నిలబడ్డ తమ్మినేనికి వచ్చినవి దాదాపు అయిదు వేల ఓట్లు, డిపాజిట్ దక్కలేదు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే కట్టిన డబ్బు తిరిగి రాదు, అదే డిపాజిట్ పోవడం. ఇది చూసి ‘కమ్యూనిస్టులు అయిపోయారు’ అన్నారు. అదే ఎన్నికలో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న సీపీఐ కొత్తగూడెం గెలిచింది, రాష్ట్రంలో దానికి దక్కిన ఒకే సీటు.

రెండింటినీ కలిపి చదివితే విషయం తేలుతుంది. ఎర్రజెండా ఓటు గెలిచే ఓటుగా ఇప్పుడు లేదు, గెలిపించే ఓటుగా ఉంది. 2018 నాటి తేడా పదకొండు వేలు. అలాంటి పోటీలో అయిదారు వేల ఓట్లు ఇటు నుంచి అటు జరిగితే ఫలితం తలకిందులవుతుంది, ఎందుకంటే ఇక్కడ తగ్గిన ప్రతి ఓటూ అక్కడ పెరిగి తేడా రెట్టింపు తగ్గుతుంది. అందుకే ప్రతి పెద్ద పార్టీ వాళ్ళ ఆఫీసు మెట్లెక్కుతుంది. 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో. 2014లో సీపీఐ కాంగ్రెస్‌తో, సీపీఎం వైఎస్సార్ కాంగ్రెస్‌తో. 2022 మునుగోడు ఉపఎన్నికలో ఇద్దరూ టీఆర్‌ఎస్‌తో.

ఈ పొత్తులే పార్టీని తిన్నాయనే విమర్శ పాత కార్యకర్తల్లో గట్టిగా ఉంది. ప్రతిసారీ వేరే గుర్తుకు వేయమని చెప్పి చెప్పి, చివరికి సొంత గుర్తు మరిచిపోయేలా చేశారని వాళ్ళ బాధ. నాయకులు చెప్పేది వేరు: ఒంటరిగా వెళితే అసెంబ్లీలో గొంతే ఉండదని. పాలేరు అంకె మొదటివాళ్ళ భయాన్ని, కొత్తగూడెం ఫలితం రెండోవాళ్ళ మాటను నిజం చేస్తున్నాయి. నాకు మాత్రం మొదటివాళ్ళ బాధ ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే ఓటు అలవాటు ఒక తరం తప్పితే మళ్ళీ రావడం కష్టం.

బీజేపీ సంగతి దీనికి ముడిపడినదే. 2024లో తెలంగాణలో ఆ పార్టీ 17లో 8 లోక్‌సభ సీట్లు గెలిచింది. ఖమ్మంలో దాని అభ్యర్థికి వచ్చినవి 1,18,636 ఓట్లు, పదో వంతు దగ్గర. 2023 అసెంబ్లీలో పొత్తులో భాగంగా ఖమ్మంలో పోటీ చేసిన జనసేనకు డిపాజిట్ రాలేదు. వామపక్షాల పునాది వల్ల మతం పేరుతో ఓటు అడగడం ఇక్కడ సాగదని ఒక వివరణ. మిగతా జిల్లాల్లో బీఆర్‌ఎస్ కూలినప్పుడు ఆ ఓటు బీజేపీకి వెళ్ళింది, ఇక్కడ మాత్రం కాంగ్రెస్ అప్పటికే బలంగా నిలబడి ఉంది కాబట్టి దానికే వెళ్ళిందని రెండో వివరణ. మొదటిది వినడానికి బాగుంటుంది. 2024 అంకెలు రెండోదానికి దగ్గరగా ఉన్నాయి.

## ‘ఫలానా కులం అటు వేసింది’ అనే మాటలో ఇబ్బంది

కౌంటింగ్ మర్నాడు ప్రతి కూడలిలో వినిపించే విశ్లేషణ ఇది. ఎన్నికల సంఘం ఫారం 20 పేరుతో బూత్‌ల వారీ ఓట్లు బయటపెడుతుంది. వాటిని చూసి ‘ఆ బూత్‌లో ఫలానావాళ్ళు ఎక్కువ, అక్కడ ఫలానా పార్టీకి ఎక్కువ పడ్డాయి, కాబట్టి వాళ్ళంతా అటే’ అని తేల్చేస్తారు.

వెయ్యి ఓట్ల బూత్ ఒకటి ఊహించుకోండి. ఒక వర్గంవాళ్ళు 600, మరో వర్గంవాళ్ళు 400. ఒక పార్టీకి 600, మరో పార్టీకి 400 పడ్డాయి. అంకెలు అతికినట్టు సరిపోయాయి. కానీ మొదటి వర్గంలో 350 మంది, రెండో వర్గంలో 250 మంది మొదటి పార్టీకి వేసినా వచ్చేది 600లే. అప్పుడు మొదటి వర్గంలో 58 శాతం, రెండో వర్గంలో 62 శాతం ఆ పార్టీకి వేసినట్టు. అంటే ఎవరిది ఆ ఓటు అనుకున్నామో వాళ్ళకంటే రెండోవాళ్ళే ఎక్కువ శాతం వేశారు. బూత్ లెక్క ఈ రెండు పరిస్థితులనూ విడదీసి చెప్పలేదు.

ఖమ్మంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే 2014లో, 2018లో, 2023లో నగరం సీటుకు ప్రధానంగా పోటీపడ్డ ఇద్దరూ ఒకే సామాజికవర్గం నుంచి వచ్చినవాళ్ళు. అభ్యర్థుల కులం ఒకటే అయినప్పుడు ఫలితాన్ని కులంతోనే వివరించడం కుదరదు. కులం లెక్కలోకి రాదని కాదు. 2023 మేలో లకారం చెరువులో కృష్ణుడి రూపంలో ఎన్టీఆర్ విగ్రహం పెట్టబోతే యాదవ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, హైకోర్టు స్టేతో ఆవిష్కరణ ఆగింది. ఒకరిని దగ్గర చేసుకోబోతే మరొకరు దూరమవుతారని ఊరంతా చూసింది. అది ఎన్ని ఓట్లు కదిపిందో మాత్రం ఏ ఫారంలోనూ ఉండదు.

## వంతెనకు ఇటూ అటూ

కాల్వ ఒడ్డు దగ్గర మున్నేరు పాత వంతెన మీద నిలబడితే ఈ లెక్కంతా కళ్ళ ముందు కనిపిస్తుంది. ఇటు బొక్కలగడ్డ, ఖమ్మం అసెంబ్లీ. అటు జలగంనగర్, పాలేరు అసెంబ్లీ. 2018లో ఇటువైపు సీటు టీఆర్‌ఎస్ గెలిచింది, అటువైపు సీటులో అదే పార్టీ నుంచి మంత్రిగా ఉన్న తుమ్మల కాంగ్రెస్ చేతిలో ఓడిపోయారు. 2023లో రెండు వైపులా కాంగ్రెస్, ఇటు తుమ్మల, అటు పొంగులేటి, ఇద్దరూ మంత్రులయ్యారు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి రెండు ఒడ్ల ఇళ్ళలోనూ ఒకే బురద నింపింది. బియ్యం బస్తాలు, టీవీలు, పిల్లల పుస్తకాలు రెండు వైపులా ఒకేలా వీధుల్లో ఎండాయి. ఇటువైపు ఇళ్ళవాళ్ళు ఆ బురద గురించి అప్పుడు అడగాల్సిన మొదటి మనిషి డివిజన్ కార్పొరేటర్, 2021లో గెలిచిన పాలకవర్గం మనిషి. అటువైపు ఖమ్మం రూరల్ వాళ్ళకు ఆ కార్పొరేటర్‌ను ఎన్నుకునే ఓటే లేదు.